ఆ రెండు వేళ్ల వెడల్పు వీధి

హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,



మా నాన్న సుల్తాన్‌బజార్‌లో ఒక బట్టల దుకాణంలో ముప్ఫై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశారు. 1961లో చేరి 1993లో మానేశారు. ఆ దుకాణం ముందు ఆయన నిలబడి తీయించుకున్న ఫోటో మా ఇంట్లో ఒకే ఒక్కటి ఉండేది. 1974 దీపావళి నాడు లక్ష్మీపూజ అయ్యాక సేఠ్‌గారు ఫోటోగ్రాఫర్‌ను పిలిపించి, పనివాళ్లందరినీ వరసగా నిలబెట్టి ఒకటి, ఒక్కొక్కరికీ విడిగా ఒకటి తీయించారట. నాన్న ఫోటోలో ఆయన వెనక దుకాణం, ఇటొక మల్గీ, అటొక మల్గీ, కింద మూడు మెట్లు, పైన ఛజ్జా కనిపించేవి. తలుపు పలకలు గోడకు ఆనించి ఉండేవి. ఆ దుకాణానికి అప్పటికింకా ఇనుప షట్టరు రాలేదు. రాత్రి కట్టేసేటప్పుడు చెక్క పలకలను ఒక్కొక్కటిగా గాడిలోకి దించేవాళ్లు. వరస తప్పకుండా పలకల మీద సున్నంతో అంకెలు వేసుకునేవాళ్లు. నాన్న మోచేతి పక్కనున్న పలక మీద 7 అంకె నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

2009లో నాన్న పోయారు. పెద్దకర్మకు పటం కట్టించాలని ఆ ఫోటోనే ఒక స్టూడియోలో ఇచ్చాం. నాలుగో రోజుకు పెద్ద పటం వచ్చింది. నాన్న మొహం తేటగా ఉంది. చొక్కా మడతలు కూడా సరిచేశారు. వెనక మాత్రం లేత నీలం రంగు, ఇంకేమీ లేదు. అసలు ఫోటో అడిగితే, కొలతకు సరిపోవాలని చుట్టూ కత్తిరించామని, ముక్కలు పారేశామని చెప్పారు. ఆ కుర్రవాడిని తప్పుపట్టలేను. 'వెనకున్నదంతా తీసేసి బాగా చెయ్యి బాబూ' అని మేమే చెప్పి వచ్చాం. అమ్మ మాత్రం ఊరుకోలేదు. అంత దుఃఖంలోనూ ఆటో ఎక్కి వెళ్లి చెత్తబుట్ట వెతికించింది. ఒక పీలిక దొరికింది. నిలువునా కోసిన పీలిక, రెండు వేళ్ల వెడల్పు. దాన్ని ఆమె పట్టుచీర మడతల్లో దాచుకుంది.

ఆ పీలికలో ఏముందో చెబుతాను. కింద ఒక సైకిలు వెనక చక్రం, క్యారియర్ మీద తాడుతో బిగించిన మూట. దానిపైన పక్క దుకాణం అద్దాల బీరువా అంచు, లోపల వేలాడుతున్న చంటిపిల్ల గౌను. అన్నిటికన్నా పైన ఆ దుకాణం బోర్డు కుడి చివర. తెలుగు వరసలో 'ల్ స్టోర్స్' అనే అక్షరాలు మిగిలాయి. దాని కింద ఉర్దూ వరస. తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తారు, ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందువల్ల ఆ రెండు వేళ్ల వెడల్పులోనే తెలుగు పేరు చివర, ఉర్దూ పేరు మొదలు రెండూ దక్కాయి. ఆ గల్లీలో గడియారాలు బాగుచేసే పెద్దాయనకు తీసుకెళ్లి చూపించాను. ఆయన ఉర్దూ మీడియంలో చదువుకున్నవారు. కంటికి భూతద్దం తగిలించుకుని, గడియారం పొట్ట విప్పి చూసినంత శ్రద్ధగా చూసి, మొదటి రెండక్షరాలు పలికారు. అవి నోట పడగానే మిగతాదంతా తన్నుకొచ్చింది. దుకాణం పేరు, యజమాని పేరు, సాయంత్రం ఆయన ఏ హోటల్లో చాయ్ తాగేవారు, ఎప్పుడు అమ్ముకుని వెళ్లిపోయారు, ఆ తర్వాత అందులోకి ఎవరొచ్చారు. పావుగంట సేపు ఆపకుండా చెప్పారు. వాళ్ల పిల్లల్ని నేనింకా అడగలేదు కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయను.

పనికిరాదని కత్తిరించి పారేసిన ముక్క ఒక వీధిని అంతసేపు మాట్లాడించింది. అప్పటినుంచి నాకు ఈ నగరం పాత ఫోటోలు ఎక్కడ కనబడినా మనుషుల కన్నా ముందు వాళ్ల వెనకున్న దుకాణాలే కనబడతాయి. అందుకే మీకు ఈ ఉత్తరం.

మన నగరానికి ఫోటోల కరువు ఉందని నేను అనడం లేదు. దేశంలోనే మేటి ఫోటోగ్రాఫర్లలో ఒకరు ఇక్కడ పనిచేశారు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోర్‌లో కొలువు చేసి, చివరికి మన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరి రాజా దీన్‌దయాళ్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో ఒక ఆంగ్ల మహిళ చేతికింద విడిగా జనానా స్టూడియో నడిపించారు. 1905లో ఆయన చనిపోయేనాటికి ఈ నగరం చాలావరకు గాజు పలకల మీదికి ఎక్కింది. ఆయన స్టూడియో పలకల్లో రెండువేల ఎనిమిది వందలకు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నిజాం రాజ్యపు దృశ్యాలతో 1892లో తయారైన ఆల్బం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ వారి కర్జన్ సేకరణలో ఉంది.

ఆ బొమ్మలు చూస్తూ గంటలు గడిపాను. దర్బారు హాళ్లు, దీపాల గుత్తులు, వేటలో కొట్టిన పులులు, విందుబల్లలు, సైనిక కవాతులు. ఆయనను తప్పుపట్టడానికి నోరు రాదు. అంత బరువైన కెమెరాను, అంత ఖరీదైన గాజు పలకను ఎవరు డబ్బిస్తే వాళ్ల గుమ్మం ముందే పెట్టగలడు ఏ ఫోటోగ్రాఫరైనా. వీధులు కూడా తీశారు. కానీ అక్కడ చార్మినార్‌ను చూపాలి, లేదా సవారీని చూపాలి. దుకాణం ఆ పక్కనో ఈ పక్కనో నీడలో ఉంటుంది. నిజాం భోజనాల గదిలో ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టగలం. ఆ భోజనానికి ఉప్పూ పప్పూ తూచి ఇచ్చిన దుకాణం బోర్డు ఎలా ఉండేదో చూసుకోలేం.

మీ కార్యాలయానికి కొలిచే అలవాటు కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి కోల్సావాడీ లాంటి బస్తీలను ఊడ్చుకుపోయాక ఈ నగరాన్ని మళ్లీ గీయాల్సి వచ్చింది. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఆ రోజుల్లోనే, 1912 నుంచి 1915 దాకా, లెనార్డ్ మన్ అనే ఆయన పర్యవేక్షణలో నగరమంతా సర్వే చేసి ఇళ్లు, బావులు, గల్లీలు కాగితం మీద పెట్టారు. ఇప్పటికీ ఏ పాత కట్టడం గురించి తగాదా వచ్చినా ఆ పటాలే విప్పుతారు. చార్మినార్ నుంచి మదీనా వైపు వెళ్తుంటే రెండువైపులా కనబడే పత్థర్‌గట్టి రాతి కమాన్లు ఆ బోర్డు కట్టించినవే. కింద దుకాణాలు, పైన కాపురాలు, అన్నిటికీ ఒకే ముఖం. ఆ తర్వాత 1935లో మొజంజాహీ మార్కెట్. బజారు కట్టడం అంటే ఊరు కట్టడమేనని ఎరిగినవాళ్లు వాళ్లు. కొలతలు తీసిన చేత్తోనే ఫోటోలు కూడా తీసిపెట్టి ఉంటే ఎంత బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

ఇలా చేసిన నగరాలున్నాయి. పారిస్‌లో పాత వీధులను కూల్చి వెడల్పు రోడ్లు వేస్తున్న కాలంలో, 1860లలో, చార్లెస్ మార్విల్ అనే ఫోటోగ్రాఫర్‌కు నగర పాలకులే పని అప్పగించి కూలబోయే గల్లీలను తీయించారు. నాలుగు వందలకు పైగా ఫోటోలు మిగిలాయి. గ్లాస్గోలో 1868 నుంచి 1871 మధ్య థామస్ అనన్ చేత ఇరుకు సందులను తీయించిందీ అక్కడి నగరాభివృద్ధి ట్రస్టే. పారిస్‌లోనే ఆ తర్వాత యూజీన్ అట్జే ఎక్కువగా తనంతట తానే ముప్ఫై ఏళ్లు దుకాణాల ముఖాలు తీసుకుంటూ పోయి, వాటిని అక్కడి గ్రంథాలయాలకు, మ్యూజియాలకు అమ్మి బతికారు.

కానీ నేను మీ ముందు పెట్టదలచుకున్నది న్యూయార్క్ సంగతి. ఎందుకంటే వాళ్లు అది వారసత్వమనో కళ అనో చేయలేదు. పన్ను కోసం చేశారు. 1939 నుంచి 1941 దాకా ఆ నగర పన్నుల శాఖ, నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కలిసి, నగరంలోని అయిదు విభాగాల్లో ప్రతి కట్టడాన్నీ ఫోటో తీయించాయి. ఆకాశహర్మ్యమా, గుర్రపుశాలా అని చూడలేదు. కెమెరాతో ఒకరు, బ్లాకు నంబరు ప్లాటు నంబరు రాసిన పలక పట్టుకుని ఇంకొకరు. మొత్తం ఏడు లక్షలకు పైగా ఫోటోలు. పన్ను వేసేవాళ్లకు కావలసింది గోడలు, అంతస్తులు. అయితే కెమెరాకు ఆ సంగతి తెలియదు కదా. గుమ్మంలో నిలబడ్డ మంగలి, అరటిగెల వేలాడదీసిన కొట్టు, కిటికీలో ఆరేసిన బట్టలు, నంబరు పలక వైపు ఆశ్చర్యంగా చూస్తున్న పిల్లవాడు, అన్నీ వచ్చి పడ్డాయి. 1980లలో రంగుల్లో మళ్లీ తీశారు. 1940 నాటి ఫోటోలన్నిటినీ 2018లో నగర దస్తావేజుల శాఖ అందరికీ ఆన్‌లైన్‌లో పెట్టింది. వేరే దేశం నుంచి వలస వెళ్లి అక్కడ కొట్టు పెట్టుకున్న ఒక ముత్తాత గుమ్మాన్ని ఆయన మునిమనవరాలు ఇవాళ ఇంట్లో కూర్చుని వెతుక్కోగలదు. నంబరు కొడితే చాలు.

కమిషనర్ గారూ, మన దగ్గర ఆ నంబరు ఎప్పటినుంచో ఉంది. వార్డు, బ్లాకు, ఇల్లు అని మూడు ముక్కల్లో రాసే మన ఇంటి నంబరు కన్నా మంచి సూచిక ఇంకేం కావాలి? ఆస్తిపన్ను కొలతలకు మీ సిబ్బంది ఎలాగూ గుమ్మం దాకా వస్తారు. దుకాణదారు ట్రేడ్ లైసెన్సు కోసం ఎలాగూ మీ దగ్గరికి వస్తాడు. ఆ రెండు రాకపోకల్లో ఒకదానికి ఒక్క ఫోటో జతచేయండి. నా కోరిక ఇంతే. కొత్త శాఖ అడగడం లేదు, భవనం అడగడం లేదు, ఉత్సవం అసలే అడగడం లేదు.

ఫోటో ఎలా ఉండాలో మాత్రం కాస్త పట్టుబడతాను. రోడ్డు అవతలి పక్క నుంచి ఎదురుగా తీయాలి. ఓరగా తీస్తే బోర్డు మీద అక్షరాలు ఆనవు. మెట్టు నుంచి డాబా పిట్టగోడ దాకా పడాలి, ఎందుకంటే కింద ఎంత మారినా పై అంతస్తులో పాత కిటికీ, పాత సున్నపు నగిషీ, కట్టిన ఏడాది అంకె మిగిలి ఉంటాయి. పక్క మల్గీ అంచు కూడా కొంచెం కలవాలి. ఆ అంచు విలువ ఏమిటో ముందే చెప్పాను. ఇంటి నంబరు, తేదీ ఫోటోలోనే కనబడాలి. ఆ తర్వాత అది ఎవరో ఒక ఉద్యోగి ఫోనులో ఉండిపోకూడదు, ఆయన బదిలీతో పాటు పోకూడదు. ప్రభుత్వ దస్తావేజుల్లోకి చేరాలి, చూడాలనుకున్న ఎవరికైనా తెరుచుకోవాలి. అయిదేళ్లకోసారి మళ్లీ తీయాలి. దుకాణంలో ఉన్న మనిషి ఫోటోలో ఉండనంటే పక్కకు జరగడానికి ఆయనకు ఒక నిమిషం ఇవ్వాలి. నా అనుభవంలో చాలామంది జరగరు, చొక్కా సర్దుకుంటారు.

తొందర ఎందుకంటే, మార్పు మనకోసం ఆగడం లేదు. జూబ్లీ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో 2020 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ రైలు సుల్తాన్‌బజార్ నడిబొడ్డున, నాన్న రోజూ సైకిలు తోసుకుంటూ నడిచిన దారి మీదుగానే వెళ్తుంది. దాన్ని నేనూ ఎక్కుతాను. మా అమ్మ మోకాళ్లకు అది వరం. ఇప్పుడు అదే మార్గాన్ని ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా, దాదాపు ఏడున్నర కిలోమీటర్లు, పాతబస్తీ గుండా తీసుకెళ్తున్నారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్‌చౌక్ పక్కల వందల కట్టడాలు వెనక్కి జరగాలి. జరగవద్దని నేను అనను. పాతబస్తీ వాళ్లకు కూడా రైలు కావాలి. కానీ పరిహారం లెక్క కట్టడానికి చదరపు గజాలు కొలిచే రోజునే ఆ ముఖాన్ని కూడా ఒకసారి ఎదురుగా నిలబడి తీసిపెట్టమంటున్నాను. కూల్చివేత నోటీసుతో పాటే ఫోటో. ఇది ఒక నియమంగా రాసిపెట్టండి.

రోడ్డు వెడల్పు చేయని చోట్ల కూడా ముఖాలు మాయమవుతున్నాయి. చేత్తో రాసిన బోర్డు మీద ఫ్లెక్సీ వచ్చింది. ఫ్లెక్సీ మీద ఇప్పుడు ఏసీపీ షీట్లు వస్తున్నాయి. మొత్తం ముంగిలిని నున్నటి రేకుతో మూసేసి, పైన మెరిసే అక్షరాలు బిగిస్తారు. దాని వెనక ఛజ్జా ఉందో, కమాను ఉందో దారిన పోయేవాడికి తెలియదు. ఆ మధ్య కోఠీలో ఒక దుకాణం మరమ్మతుకు రేకులు విప్పితే, లోపలి గోడ మీద నీలి రంగుతో నీడ వేసి రాసిన పాత అక్షరాలు బయటపడ్డాయి. పెయింటరు సంతకం కూడా మూల ఉంది. నేను ఫోను తీసేలోపు కూలీలు మెట్ల మీద నుంచి నన్ను పక్కకు తప్పుకొమ్మన్నారు. మర్నాడు వెళ్లేసరికి కొత్త రేకు బిగించేశారు.

ఇక జనం దగ్గరున్న పాత ఫోటోల సంగతి. ఇదే అసలైన నిధి. మీరు పాత బజార్లలో ఏ దుకాణంలోకైనా వెళ్లి గల్లా వెనక గోడ చూడండి. దేవుడి పటాల పక్కన దండ వేసిన తాతగారి పటం, దాని పక్కన ప్రారంభోత్సవం ఫోటో ఉంటాయి. రిబ్బను, మామిడాకులు, పగలగొట్టిన గుమ్మడికాయ, పైన తళతళలాడే కొత్త బోర్డు. బేగంబజార్‌లో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, లాడ్‌బజార్‌లో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఊహించండి. పెళ్లి ఆల్బములు మరో గని. బరాత్ వెళ్తుంటే పెట్రోమాక్సు వెలుగులో వెనక దుకాణాలు వరసగా పడతాయి. పెళ్లికొడుకు కోసం తీసిన ఫోటోలో సగం వీధి దొరుకుతుంది.

వాటి మీద తేదీ లేకపోతే ఏం చేయాలని మీ అధికారులు అడగవచ్చు. ఫోటోయే చెబుతుంది. బోర్డు మీద టెలిఫోన్ నంబరుకు ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టండి. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది అని పెరుగుతూ వచ్చాయి. ముందు ఆగిన స్కూటరు నంబరు ప్లేటు చూడండి. మూడు ఇంగ్లీషు అక్షరాలుంటే 1989కి ముందుది. 'ఏపీ 9' అని ఉంటే ఆ తర్వాతది. 'టీఎస్' ఉంటే 2014 తర్వాతది. గోడ మీది సినిమా పోస్టరు కొన్నిసార్లు ఏ వారమో కూడా చెప్పేస్తుంది. బోర్డు మీది చిరునామాలో 'రెసిడెన్సీ బజార్' అని ఉంటే బాగా పాతదన్నమాట. 1933లో ఆ బజార్లు బ్రిటిష్ రెసిడెంటు చేతి నుంచి మళ్లీ నిజాం చేతికి వచ్చాకే సుల్తాన్‌బజార్ పేరు స్థిరపడింది. ఏ భాష పైవరసలో ఉంది, ఏది కిందికి జరిగింది, ఏది బోర్డు మీద నుంచే దిగిపోయింది అని వరసగా పెట్టి చూస్తే ఈ నగరం ఎవరెవరిని ఎప్పుడెప్పుడు పిలిచిందో కనబడుతుంది. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇప్పటికీ ఉన్నది సుల్తాన్‌బజార్‌లోనే. దాని చుట్టుపక్కల తెలుగు బోర్డులు ఎప్పుడు, ఎన్ని వచ్చాయో చూడాలని నాకు ఎంత కోరికో చెప్పలేను.

ఈ ఫోటోలు ఎవరూ కార్యాలయానికి తెచ్చివ్వరు. ఇవ్వకూడదు కూడా, అవి వాళ్ల ఇంటి దేవుళ్లు. మనమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. దానికి ఆదివారం ఆబిడ్స్ కన్నా తగిన చోటు లేదు. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి, షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అసలు ఆ కూడలి పేరే ఒక దుకాణం పేరు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ పెట్టిన దుకాణం అది. దుకాణం పోయి తరాలు గడిచాయి, బస్సు బోర్డు మీద ఆయన పేరు ఇంకా తిరుగుతోంది. అక్కడే ఫుట్‌పాత్ మీద ఒక బల్ల, ఒక స్కానరు, ఉర్దూ తెలుగు రెండూ చదవగల ఇద్దరు పిల్లలు చాలు. ఫోటో తెచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల కళ్లముందే నకలు తీసి, అసలు వాళ్ల చేతికే ఇచ్చేయాలి. అంచులు కత్తిరించకూడదు. ఫోటో వెనక పెన్సిలు రాత ఉంటే దాన్ని కూడా నకలు తీయాలి. కూర్చున్న ఆ పది నిమిషాల్లో వాళ్లు చెప్పే మాటలు రాసుకోవాలి. గడియారాల పెద్దాయన లాంటివాళ్లు ఇంకెంతో కాలం ఉండరు. మొన్న సంక్రాంతికి వెళ్తే ఆయన బల్ల ఖాళీగా ఉంది, చూపు ఆనడం లేదని ఇంట్లోనే ఉంటున్నారట.

మొదటి ఆదివారం ఆ బల్ల దగ్గరికి నేను వస్తాను. మా అమ్మకు ఎనభై నాలుగేళ్లు, ఆమె కూడా వస్తానంటోంది, పీలికను తన చేత్తోనే ఇస్తుందట. నీలం రంగు పటాన్ని మాత్రం ఇంట్లో గోడకే ఉంచేస్తాం. నాన్న పనిచేసిన దుకాణం ఉన్న మల్గీలో ఇప్పుడు రెడీమేడ్ బట్టలు అమ్ముతున్నారు. యజమాని కుర్రవాడు మంచివాడు, అడిగితే లోపలికి రానిచ్చాడు. గుమ్మం పక్క రాతిలో తలుపు పలకలు దిగే గాడి ఇంకా ఉంది. అందులో ఫోను ఛార్జర్ వైరు పోనిచ్చారు. మీ సిబ్బంది ఎదుటి పక్క నుంచి ఫోటో తీస్తే ఆ గాడి కూడా పడుతుంది, షట్టరు పైకి ఎత్తించి తీయమని చెప్పండి.

భవదీయుడు,
సుల్తాన్‌బజార్ గుమాస్తా ఒకరి కొడుకు
హైదరాబాద్